మా కాన్పుల వార్డు

మొన్న మోకాళ్ళ నొప్పులకని ఆసుపత్రికి వెళ్ళి, పాత అలవాటు కొద్దీ లిఫ్టులో మూడో అంతస్తు బటన్ నొక్కితే అది వెలగలేదు. కాన్పుల వార్డు ఎత్తేశారట, ఇక నెప్పులొస్తే హైవే ఎక్కి పక్క కౌంటీకి పోవలసిందేనట. నా నడుము అరిగింది ఆ అంతస్తులోనే కాబట్టి, ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా అలాగే కూర్చుండిపోయాను.

న్యూజెర్సీ వచ్చిన కొత్తలో, గుంటూరులో చదివిన నర్సు చదువుకు మళ్ళీ పరీక్షలు రాసి ఈ ఆసుపత్రిలోనే చేరాను. నాకు పని నేర్పింది ఒక నల్లజాతి పెద్దావిడ, సగం ఊరికి పురుడు పోసిన మనిషి. ఆవిడకు మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ.

ఒక శీతాకాలం మధ్యాహ్నం, రోడ్లన్నీ మంచుతో మూసుకుపోతున్న వేళ, దగ్గర్లోని పిస్కాటవే ఊళ్ళో చదువుకుంటున్న ఒక తెలుగబ్బాయి భార్యను తీసుకొచ్చాడు. కాన్పు తేలిగ్గానే అయింది, ఆడపిల్ల. మేము ఊపిరి పీల్చుకునేలోపే తల్లికి రక్తం ధారకట్టింది. డాక్టరుగారు వేరే ఆపరేషన్‌లో ఉన్నారు. నా చేత ఇంజెక్షన్ ఇప్పించి, పెద్దావిడ ఆ బాలింత పొత్తికడుపు మీద అరచేయి ఆనించి గర్భసంచిని గట్టిగా నలుపుతూ, ఈ అమ్మాయిని నిద్రపోనివ్వకు, మీ భాషలో మాట్లాడుతూ ఉండు అంది.

"అక్కా, కళ్ళు మూతలు పడుతున్నాయి, కాసేపు పడుకోనివ్వు," అంది ఆ పిల్ల.

"పడుకుందువుగాని. ముందు మీ ఇంట్లో గోంగూర పచ్చడి ఎట్లా చేస్తారో చెప్పు," అన్నాను.

చెప్పింది. ఎండుమిరపకాయల దగ్గర ఆగితే కసిరాను, వెల్లుల్లి దగ్గర మాట ముద్దయితే చెంప తట్టాను. పెద్దావిడ అలిసిపోతే నలపడం నేను అందుకున్నాను, నేను అలిసిపోతే ఆవిడ. డాక్టరుగారు పరుగున వచ్చేసరికి గర్భసంచి బిగుసుకుని ధార తగ్గింది. రక్తం ఎక్కించాక ఆ పిల్ల పెదవులకు రంగొచ్చింది. బయట కూర్చున్న భర్త దగ్గరికి వెళ్ళాను. తల్లీ పిల్లా క్షేమమన్నాను. అతను గోడకు ఆనుకుని ఏడ్చాడు.

పెద్దావిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటి మందులూ, యంత్రాలూ మెరుగైనవే, వాటిని తప్పుపట్టను. కాన్పులు తగ్గాయి కాబట్టి ఎత్తేశామంటే ఆసుపత్రివాళ్ళ మాటా నిజమే కావచ్చు. నాకు మాత్రం వాదించే ఓపిక లేదు, ఈ చేతులు కాఫీ కప్పు ఎత్తడానికే మొరాయిస్తున్నాయి. కానీ ఈసారి మంచు కురిసినప్పుడు, ఏ కారు వెనక సీట్లో ఏ పిల్ల పళ్ళ బిగువున నెప్పులు ఓర్చుకుంటూ, దారి ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తూ ఉంటుందో అనిపిస్తే, ఎంత అలిసిన ఒంటికైనా కునుకు పట్టదు.