మూడుసార్లు ఉడికిన జొన్నలు

గజపతినగరంలో పుట్టగొడుగుల నారాయణమ్మ ఇల్లెక్కడని అడిగితే, పోయిన నెలంతా జనం ముక్కు మూసుకుని మరీ దారి చూపించారు. ఆమె పుట్టగొడుగుల విత్తనం తయారుచేస్తుంది. ఉడికించిన జొన్నలు గాజు సీసాలకెత్తి, దూది బిగించి, ఆవిరి పెట్టి, చల్లారాక చిటికెడు పుట్టగొడుగుల తెల్ల బూజు వేస్తుంది. మూడు వారాలకు సీసా నిండా మల్లెలు పోసినట్టుంటుంది.

ఈసారి ఆవిరిని ప్రెషర్ కుక్కర్‌లా బిగబట్టే డ్రమ్ము మూత పగిలింది. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. నారాయణమ్మ ఆగలేదు. పెద్ద ఇడ్లీ గుండిగ పొయ్యి మీద పెట్టి, చేపల పులుసు పాడవకుండా రోజూ కాచినట్టే, సీసాలను మూడు రోజులు వరసగా ఉడికించింది. అయినా అన్నీ పులిశాయి. గరివిడిలో షెడ్డు వేసి పుట్టగొడుగులు పెంచే ఝాన్సీ ఫోన్ చేసింది.

"షెడ్డు ఖాళీగా ఉన్నాది పిన్నీ. ఈపాలి కూడా పులిస్తే వేరేవోళ్ల దగ్గర తెచ్చుకుంతాం. ఏటీ అనుకోకు."

పదేళ్లుగా ఆ షెడ్డుకు విత్తనం తనదే. నారాయణమ్మకు అన్నం సయించలేదు. మళ్లీ నలభై సీసాలు నింపి మొదటి ఉడుకు దింపింది. విజయనగరంలో మైక్రోబయాలజీ చదువుతున్న మేనకోడలు సుహాసిని అప్పుడే వచ్చింది. సీసాల మీద తడి గోనె చూసి ఆగిపోయింది.

"ఇదేటత్తా?"

"సల్లగా ఉంటే పాడవవని కప్పాను. పోయినసారీ ఇలాగే సేసాను."

సుహాసిని నవ్వుతూ గోనె లాగేసింది. "జొన్నల మీద బాక్టీరియా బీజాలుంటాయత్తా. గట్టి పెంకు కట్టుకుని పడుకుంతాయి. లోపల తడి దాదాపు ఉండదు. జన్యువుల పోగుని సిన్న సిన్న ప్రోటీన్లు సుట్టుకుని కాపలా కాస్తాయి. నీ గుండిగ ఆవిరి వాటికి తలంటు లాంటిది."

"మరి మూడుసార్లు ఉడికించాను కదే!"

"మొదటి ఉడుకు ఏడికి వాటికి మెలకువొస్తాది. పెంకు వదిలి, జన్యువులు పని మొదలెడితే మెత్తబడతాయి. అప్పుడు రెండో ఉడుక్కి సస్తాయి. అందుకే మధ్యలో ఎచ్చగా ఉంచాలి. నువ్వేమో తడి గోనె కప్పి జోకొట్టావు."

"పురుగుల్ని జోకొడతాది, నన్ను మాత్రం తెల్లారకుండా లేపేస్తాది," అన్నాడు భర్త అప్పలసూరి వీధి అరుగు మీంచి.

నారాయణమ్మ సీసాలను పొయ్యి పక్కకు చేర్చి, తన ఉన్ని శాలువా కప్పింది. మర్నాడు గుండిగలోకి ఎత్తుతుంటే చెయ్యి కాసేపు ఆగింది. కంటికి కనబడని ప్రాణాలు, వెచ్చదనాన్ని నమ్మి తలుపు తీసుకున్నాయి. "మీరు పోకపోతే గరివిడోళ్లు వెళ్లిపోతారమ్మా," అని గొణిగి మంట ఎగదోసింది. ఆ మర్నాడు మూడో ఉడుకు. చల్లారాక బూజు వేసి, దూది బిగించింది.

నాలుగో రోజు నుంచీ పొద్దున్నే ఒక్కో సీసా దగ్గర ముక్కు పెట్టి చూసేది. పులుపు లేదు. వారం తిరిగేసరికి జొన్నల మధ్య తెల్లటి దారాలు, పొలాల మీద తొలి మంచులా. ఒక్క సీసా మాత్రం జిగురై పులిసింది. వెంటనే సుహాసినికి ఫోన్ చేసింది.

"అందులో ఎంత ఏడికీ లేవని మొద్దు నిద్రపోతులు ఉండుంటాయత్తా. మిగతావి బాగున్నాయి కదా, భయపడకు."

"మా వంశమే," అన్నాడు అప్పలసూరి, దుప్పటి తలమీదకి లాక్కుంటూ.

మూడు వారాలు నిండాక ఝాన్సీ ఆటోలో వచ్చి ముప్పై తొమ్మిది సీసాలూ వాసన చూసి మరీ ఎక్కించుకుంది. "మళ్లీ నెలకి ఎన్ని ఇస్తావు పిన్నీ?" అంది. నారాయణమ్మ అప్పటికే జొన్నలు నానబోస్తోంది.