ఆదివారం ఉయ్యాల

మా అమ్మాయి బ్రేస్‌లెట్లు గుచ్చుకుంటానని గాజు పూసలు తెప్పించుకుంది. నిన్న అది దారం కొసకి కొబ్బరినూనె రాసి నులుముతుంటే, ఆ వాసనకి నానమ్మ గుర్తొచ్చింది.

నానమ్మ అలాగే దారం నులిమి, పాత నల్ల దిష్టిపూసల్ని మళ్ళీ గుచ్చి మా చంటి తమ్ముడి చేతికి కట్టింది. ఆదివారం మాత్రం పాస్టరుగారు చూస్తారని విప్పేసి, ఖాళీ ఉయ్యాల గొలుసుకి కట్టి చర్చికి బయల్దేరేది.

“ఉయ్యాల్లో ఎవరూ లేరుగా నానమ్మా?”

“ఉన్నారనుకోవాలమ్మా. పూసలు లేకపోతే అలిగి, తమ్ముడి వెనకాలే వచ్చేత్తాది.”

ఏం వచ్చేస్తుందో అడగడానికి భయమేసింది.

ఒక ఆదివారం నాకు జ్వరమని పక్కింటి అత్తయ్యగారికి అప్పజెప్పి అందరూ చర్చికి వెళ్ళారు. ఆవిడ మా పెరట్లో కూర్చుని చీపురుకి కొబ్బరి ఈనెలు తీస్తోంది. గాలి లేదు. అయినా గదిలో ఉయ్యాల మెల్లగా కదిలింది. పూసలు గొలుసుకి తగిలి టిక్కుటిక్కుమన్నాయి. పారిపోవాలనిపించింది. కానీ ఉయ్యాల ఆగితే అందులోది లేచి తమ్ముడి దగ్గరికి పోతుందని, కళ్ళు గట్టిగా మూసుకుని, వాళ్ళు వచ్చేదాకా ఊపుతూనే ఉన్నాను.

నానమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మకి వినపడకుండా, “పాప ఏడ్చిందా అమ్మా?” అని నన్ను అడిగింది.

“లేదు నానమ్మా.”

దయ్యాన్ని ఇంత ముద్దుగా పిలుస్తారా అనుకున్నాను.

నానమ్మ పోయాక అమ్మ చెప్పింది. నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి, ఆ ఉయ్యాల్లోనే కన్నుమూసిందట. ఆ పూసలు మొదట గుచ్చింది తనకేనట.

అక్కని నేనెప్పుడూ చూడలేదు. ఒక్క పూట మాత్రం ఉయ్యాల ఊపాను.