పాడె కింద పది రూపాయలు

ప్యాంటు జేబుల గురించి ఎవరూ రాయరు. రోడ్ల గురించి, నీళ్ళ గురించి, కరెంటు కోతల గురించి పత్రికల నిండా రాస్తారు. రెడీమేడ్ ప్యాంట్లకు లోపల వేసే జేబుగుడ్డ గురించి మాత్రం ఒక్కరూ నోరు మెదపరు. పైగుడ్డ పదేళ్ళు చిరగదు. లోపలిది ఉల్లిపొర. తాళాలు, నాలుగు బిళ్ళలు వేసుకొని ఆరు నెలలు తిరిగితే మూలలో కందిగింజంత చిల్లు పడుతుంది. కందిగింజ శనగగింజ అవుతుంది, శనగగింజ వేరుశనగకాయ అవుతుంది. మా సీమలో వానల్లేక ఎండిపోయే పంటలన్నీ నా జేబులో మాత్రం ఏ లోటూ లేకుండా పండాయి.

నవ్వకండి. ఆ చిల్లు వల్ల ఒక పెద్దమనిషి అంతిమయాత్ర నిమిషం పాటు అయోమయంలో పడింది. నా సంసారం ఇంకో ఆరేళ్ళు బస్సుల్లో నడిచింది. ఎట్లాగో చెబుతాను. ముందు మీ జేబులో ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోండి.

అప్పట్లో నేను కడపలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. జీతం ఎంతో చెప్పను. చెబితే మీరు చదవడం ఆపేసి చందా వసూలు మొదలుపెడతారు. మా కాలేజీలో మనుషులకు పేర్లుండేవి కావు, సబ్జెక్టులే పేర్లు. నేను ఎకనామిక్స్. నాకు ఒక పాఠం వల్ల కొంచెం కీర్తి కూడా ఉండేది. ఏటా జూలైలో అవకాశ వ్యయం అనే అధ్యాయం వచ్చినప్పుడు పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవాళ్ళు.

"నేల మీద రూపాయి పడి ఉంది. వంగాలా, వద్దా?" అని మొదలుపెట్టేవాణ్ని. వంగడానికి మూడు సెకన్లు, లేవడానికి నాలుగు, లేచాక నడుము పట్టుకొని నిలబడటానికి ఐదు, ఎవరైనా చూశారేమోనని నాలుగు దిక్కులూ చూడటానికి ఎనిమిది. ఆ సమయంలో చదువుకున్నవాడు ఇంకేం చేసుకోవచ్చో పెద్ద జాబితా చదివి, చివర బోర్డు మీద 'చదువుకున్నవాడు రూపాయికి వంగడు' అని రాసి కింద రెండు గీతలు గీసేవాణ్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ రెండు గీతలు గుర్తుపెట్టుకోండి.

నా భార్య నాగవేణి మా మేనమామ కూతురు. బద్వేలు పక్కన ఒక పల్లెలో సర్కారు ఆసుపత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం అక్కడ, నాది ఇక్కడ. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళేవాణ్ని, సోమవారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాణ్ని. మా పాపకు అప్పుడు మూడేళ్ళు. ఆ వీధి పిల్లలకు నన్ను 'మా బస్సు నాయన' అని చూపించేది. వేరే నాయనలు కూడా ఉంటారని వాళ్ళు అనుకున్నారేమో తెలియదు.

సోమవారం నేను బయలుదేరేటప్పుడు పాప నా జేబులో ఒక పది రూపాయల బిళ్ళ వేసేది. దాని కథ కూడా చెప్పాలి. పది రూపాయల బిళ్ళ దేశమంతా చెల్లుతుంది. మా వైపు అంగళ్ళలో చెల్లదు. చెల్లుతుందని ఎవరు ఎన్నిసార్లు చాటినా మావాళ్ళు నమ్మలేదు. దాన్ని తీసి ఇస్తే మీరే ఇంట్లో కూర్చొని పోతపోసి తెచ్చినట్టు చూస్తారు. అట్లా నా నెత్తిన పడిన ఒక బిళ్ళను ఆడుకోమని పాపకిచ్చాను. పాప వాళ్ళమ్మ గోళ్ళరంగు తీసి దానికి ఒకవైపు ఎర్రగా పూసింది. "బస్సుకు" అని చెప్పి జేబులో వేసేది. శనివారం నేను గడప దాటగానే చెయ్యి చాపేది. బిళ్ళ ఇస్తేనే లోపలికి రానిచ్చేది. ఏ కండక్టరూ తీసుకోని ఆ బిళ్ళ మా ఇంట్లో రానూపోనూ టికెట్టు.

అట్లా ఉండగా మా కాలేజీ యజమాని, కరస్పాండెంటు, బద్వేలులో కొత్త బ్రాంచి పెట్టాలని నిర్ణయించాడు. జూన్‌లో మొదలు. దానికొక ప్రిన్సిపాల్ కావాలి. రెండు పేర్లు వినిపించాయి. ఒకటి నాది, రెండోది మ్యాథ్స్ చెప్పే ఓబులేసుది. ఒకరోజు వరండాలో కరస్పాండెంటు నన్ను ఆపి, "నీ పెండ్లాము ఉండేది ఆ పక్కనే కదా. చూద్దాం లేప్పా" అన్నాడు.

ఆ 'చూద్దాం లేప్పా' మీద నేను బద్వేలులో ఇల్లు చూశాను. రెండు గదులు, వంటిల్లు, ముందర వేపచెట్టు, రోజు విడిచి రోజు నీళ్ళు. నాగవేణి వంటింట్లో సామాన్లకు ఇంకొక అర కొట్టించమని ఇంటాయనతో చెప్పి కూడా వచ్చింది. పాప వేపచెట్టు కింద నిలబడి, "బస్సు నాయన ఈడే ఉంటాడా?" అని అడిగింది. ఉంటాడని చెప్పాం.

ఏప్రిల్‌లో కరస్పాండెంటు నాయన పోయాడు. తొంభై దాటిన మనిషి. మునిమనవళ్ళను చూసి, మధ్యాహ్నం సంగటి తిని, మంచం మీద ఒరిగి పోయాడు. వాళ్ళ ఊరు మైదుకూరు దాటాక వస్తుంది. కాలేజీకి సెలవిచ్చి లెక్చరర్లందరినీ కాలేజీ బస్సులో ఎక్కించారు. దారిలో మా పెద్ద ప్రిన్సిపాల్ లేచి ఒకే మాట చెప్పాడు: ఏం చేసినా చేయకపోయినా సారు కంట్లో మాత్రం పడండి.

పడ్డాను. అంత బాగా ఇంకెవరూ పడలేదు.

గొప్ప ఇల్లు కాబట్టి యాత్ర కూడా గొప్పగా లేచింది. ముందర తప్పెట్లు, వెనక పాడె, దారి పొడవునా బొరుగులు, కుంకుమ, చిల్లర చల్లుతూ పోతున్నారు. నిండు ఆయుష్షు బతికిన ముసలాయన మీద చల్లిన చిల్లర ఇంట్లో పెట్టుకుంటే మంచిదని మా వైపు నమ్మకం. అందుకని దారి పక్కన నిలబడిన అవ్వలు, పిల్లలు ఏరుకుంటారు. వాళ్ళు ఏరుకోవచ్చు. యాత్రలో నడిచేవాళ్ళు మాత్రం వంగరు. ఈ నియమాన్ని ఏ బోర్డు మీదా రాసి రెండు గీతలు గీయలేదు. అయినా అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఓబులేసు అప్పటికే పాడెకు ఒక చివర భుజం పట్టి సారు కంట్లో పడ్డాడు. లెక్కల మనిషి కదా, దూరాలు తెలుసు. నేను వెనకబడ్డాను. శ్మశానానికి కొంచెం ముందు దింపుడు కళ్ళం దగ్గర పాడె దించినప్పుడు, ఇక ఇదే అదను అనుకొని మోచేతులతో దారి చేసుకొని ముందు వరుసకు చేరాను.

అక్కడ ఏం జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. తప్పెట్లు ఆగిపోతాయి. కొడుకు వంగి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ఏ మూలనైనా ప్రాణం మిగిలి ఉంటే పలుకుతాడేమోనని చివరి ఆశ. ఆ కాసేపు ఊరంతా ఊపిరి బిగబట్టుకొని ఉంటుంది. కాకి కూడా అరవదు.

కరస్పాండెంటు మోకాళ్ళ మీద కూర్చొని, కళ్ళు మూసుకొని, "నాయనా" అన్నాడు.

నేను కళ్ళు తుడుచుకోవాలని జేబులోంచి చేతిరుమాలు లాగాను. అది చెమటే. కానీ చూసేవాళ్ళకు కన్నీళ్ళలా ఉంటుందని ఆశ. రుమాలుతోపాటు బిళ్ళ కదిలింది. వేరుశనగకాయంత చిల్లు తన పని తాను చేసింది. చల్లటి బల్లిలా ఏదో తొడ మీదుగా, మోకాలి మీదుగా జారుతోంది. ఆపడానికి కాళ్ళు దగ్గరికి పెట్టాను. అప్పటికే చెప్పు దాకా వచ్చేసింది.

"నాయనా" అని రెండోసారి పిలిచాడు.

ఠంగుమని జవాబొచ్చింది. సిమెంటు రోడ్డు మీద, అంత నిశ్శబ్దంలో, పది రూపాయల బిళ్ళ అంత గట్టిగా మోగుతుందని నాకు ఆ రోజే తెలిసింది. మోగి ఊరుకుందా? నిలువుగా లేచి, దొర్లి, ఒక చుట్టు తిరిగి, వెదురుబొంగుల మధ్య నుంచి పాడె కిందికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మీరు అడుగుతారు: మూడు సెకన్లు, నాలుగు సెకన్లు, ఐదు, ఎనిమిది, ఆ లెక్కంతా ఏమైందని. నాకూ తెలియదు. వంగాను. వంగడం కూడా కాదు, గొంతుక్కూర్చొని మోచేతి దాకా పాడె కిందికి చెయ్యి పెట్టాను. నా తలలో ఉన్నది ఒక్కటే: శనివారం గడపలో చాచే చెయ్యి.

మూడోసారి పిలవడానికి కరస్పాండెంటు కళ్ళు తెరిచాడు. ఆయన ముఖానికి మూరెడు దూరంలో నా ముఖం ఉంది. నోరు అప్పటికే తెరుచుకుంది కాబట్టి "నాయనా" అన్న మాట వచ్చేసింది. అది ఎవరిని అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

నేను కంగారుగా చెయ్యి లాక్కోబోయాను. మోచెయ్యి వెదురుకు తగిలింది. పాడె కదిలింది.

"కదిల్నాడు. పెద్దాయన కదిల్నాడు" అని ఒక అవ్వ అరిచింది.

ఆ తర్వాతి నిమిషం గురించి ఎక్కువ చెప్పలేను. జనం మీదికొచ్చారు. ఒకాయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఒకాయన నీళ్ళు తెమ్మన్నాడు. తప్పెట్లవాళ్ళు కొట్టాలో మానాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఊళ్ళో నిమిషం పాటు ఒక ఆశ పుట్టింది. పుట్టించింది నేనే, చంపిందీ నేనే. కరస్పాండెంటు చిన్నాయన, తెల్ల మీసాలాయన, నా మణికట్టు పట్టుకొని బయటికి లాగాడు. పిడికిలి విప్పించాడు.

"ఏందప్పా అది?"

"బిళ్ళ సార్. నాదే. జేబులోంచి పడిపోయింది."

"నీదా?"

"నాదే సార్. గుర్తు కూడా ఉంది. ఒకవైపు ఎర్రగా ఉంటుంది, చూడండి."

ఆయన తిప్పి చూశాడు. ఎర్రగానే ఉంది. తర్వాత కిందికి చూశాడు. మా కాళ్ళ చుట్టూ చల్లిన చిల్లర ఉంది. కుంకుమలో పడి ప్రతి బిళ్ళా ఎర్రగానే ఉంది.

"ఈడ అన్నీ ఎర్రగానే ఉండాయి కదప్పా. అన్నీ నీవేనా?"

వెనక ఎవరో నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. మీసాలాయన మాత్రం నవ్వలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే మడిచి బిళ్ళను పిడికిట్లో పెట్టి, "ఉంచుకోప్పా. మంచి సావు. నీకు కలిసొస్తాది" అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. అదే కదా బాధ.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మైదుకూరు దగ్గర ఓబులేసు లేచి వచ్చి కూర్చున్నాడు. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే తనతో ఒక మాట చెప్పి ఉంటే పోయేది కదా అని మెల్లగా అన్నాడు. పాప సంగతి, గోళ్ళరంగు సంగతి మొత్తం చెప్పాను. బిళ్ళ తీసుకొని గోటితో గీకి చూశాడు. రంగు ఊడలేదు. కుంకుమైతే రాలిపోయేది.

"నేను నమ్ముతాండా అన్నా," అన్నాడు. "నేను నమ్మితే ఏమొస్తాది? నమ్మాల్సినాయప్ప ఆడ గుండు గీయించుకుంటాండాడు."

సోమవారం వేసవి క్లాసుకు వెళ్ళేసరికి బోర్డు ముందర నేల మీద ఒక రూపాయి బిళ్ళ ఉంది. తొంభై మంది పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. నేను దాని మీదుగా దాటుకొని పాఠం చెప్పాను. బంకతో అతికించారని రెండో రోజు తెలిసింది. అది ఎట్లా తెలిసిందని దయచేసి అడగకండి.

దినాలు అయిపోయాక కరస్పాండెంటు పిలిపించాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ చూపించాడు, మజ్జిగ తెప్పించాడు. నా ఇబ్బంది తనకు ఎవరూ చెప్పలేదని నొచ్చుకున్నాడు. రేపటి నుంచి మధ్యాహ్నం హాస్టల్లో భోంచేయమన్నాడు, వంటాయనతో చెప్పానన్నాడు. తర్వాత బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్ది, బద్వేలు విషయానికి వచ్చాడు.

"ఆడ అడ్మిషన్ల దుడ్లంతా ప్రిన్సిపాల్ చేతికే వస్తాయి. నిన్ను అనుమానించేది కాదప్పా. కానీ మావోళ్ళందరూ చూసినారు కదా. రూపాయికి వంగేటోని చేతికి బీరువా తాళం ఇచ్చినానంటే నన్నేమంటారు? ఓబులేసును పంపిస్తాండా."

నా దగ్గర జవాబు ఉంది. పాప, బిళ్ళ, గోళ్ళరంగు, వేపచెట్టు. మొత్తం చెప్పడానికి నిమిషం చాలు. ఓబులేసు సాక్ష్యం చెప్పేవాడు కూడా. చెప్పకపోతే ఏం పోతుందో ఏ ఎకనామిక్సూ చదవనివాడైనా లెక్క కట్టగలడు.

"సరే సార్," అన్నాను. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి, "భోజనానికి థ్యాంక్స్ సార్" అని కూడా అన్నాను.

ఆ శనివారం గడపలో పాప చెయ్యి చాపింది. బిళ్ళ ఇచ్చాను. తిప్పి చూసుకొని, సరిగ్గానే ఉందని లోపలికి రానిచ్చింది.

ఆదివారం పొద్దున నాగవేణి ఆ ప్యాంటు ఒళ్ళో పెట్టుకొని, జేబు బయటికి లాగి చిల్లు కుడుతోంది. అన్నాళ్ళూ దాచిందంతా ఆమెకు చెప్పాను. మీకు చెప్పినట్టే చెప్పాను, అవ్వ గొంతు, మీసాలాయన గొంతు మార్చి, నవ్వు రావలసిన చోట ఆగి మరీ. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ విన్నది. ఆఫీసులో నువ్వేమన్నావని ఒక్కసారి అడిగింది. భోజనం సంగతి చెప్పాను. తర్వాత నేను లేచి నిలబడి, కుడిచెయ్యి ముందుకు చాపి, ఆమె సాక్షిగా, కుట్టిన జేబు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: నేల మీద బిళ్ళ కాదు, బంగారు బిందె దొర్లుతూ వచ్చి నా కాలికి తగిలినా ఈ నడుము ఈ జన్మలో వంగదు, అవసరమైతే వంగడం కుదరదని డాక్టరు సర్టిఫికెట్టు మెడలో వేలాడదీసుకొని తిరుగుతాను, ఇకపై ఏ చావుకు పోయినా జేబుల్లేని పంచెతోనే పోతాను.

నాగవేణి ముడి వేసి, దారం పంటితో కొరికింది. ప్యాంటు మడిచి నా చేతికిచ్చింది.

"కింద పడిన బిళ్ళ కోసం సచ్చినాయప్ప కిందికి చెయ్యి పెట్టినావు బావా," అంది. "బతికుండే ఆయప్ప ముందర మా కోసం నోరు తెరిచేకి మాత్రం నీకు శాత కాలేదు."