ఒడ్డున అడిగి, ఒడ్డునే జవాబు చెప్పిన మేస్టారు

మా హెడ్మాస్టారు పోయారు. ఏడాదిగా డయాలసిస్‌కి పలాస వెళ్లి వస్తున్నారు. పోయిన మంగళవారం పొద్దున్న కాఫీ తాగి, మంచం మీద వాలి, అలాగే వెళ్లిపోయారట. నాకు కబురు చెప్పింది మేమిద్దరం పనిచేసిన బడి పక్కన ఉండే ఓ జాలరి. "మేస్టారూ, పెద్ద మేస్టారు పోనారంట. నిమ్మాడ ఎల్లడానికి మావోళ్లు ఆటో మాటాడీసినారు. మీరొత్తారా?" అన్నాడు ఫోన్లో. ఆ రోజు వేట మానుకుని ఆ ఊరి నుంచి రెండు ఆటోల మంది ఆయన సొంతూరు నిమ్మాడకి వచ్చారు. ఆయన రిటైరై అప్పటికి నాలుగేళ్లు.

ఎందుకు వచ్చారో చెప్పాలంటే నా బాగోతం కొంత విప్పక తప్పదు.

నాది టెక్కలి. నాన్న ఓ ఆఫీసులో గుమస్తా. నాకు ఉద్యోగం వచ్చింది అక్కుపల్లి దాటాక తీరం వెంబడి ఉన్న ఓ చిన్న ఊళ్లో. బడికి ఆయనా నేనూ, ఇద్దరమే టీచర్లం. చేరిన కొద్ది రోజులకే తల్లిదండ్రుల అభిప్రాయాలు రాయించి పంపమని పైనుంచి ఫారాలు వచ్చాయి. అందుకు పెట్టే మీటింగు పొద్దున్న పది గంటలకన్నారు. బోట్లు ఒడ్డుకి చేరేదీ ఆ వేళకే. బడికి వచ్చింది ఒక్క ముసలమ్మ. ఆవిడ కూడా మనవడు మరిచిపోయిన చెప్పులు ఇచ్చి వెళ్లిపోయింది. ఇంకేముంది, ఫారాలన్నిటిలో "చాలా సంతృప్తి" అని నేనే నింపేసి, పిల్లలకిచ్చి ఇళ్ల నుంచి వేలిముద్రలు వేయించి తెమ్మన్నాను.

హెడ్మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఒక్కొక్క కాగితమే తిరగేశారు.

"ఊరంతా ఒకే పెన్నుతో రాసిందేటి బాబూ?" అన్నారు.

తిట్టలేదు. ఆ కాగితాలు చింపేసి, రూళ్ల నోట్‌బుక్ ఒకటి చంకలో పెట్టుకుని, "బడి వదిలాక ఒడ్డుకి పద" అన్నారు.

ఆ శనివారం మొదలైన పని ఆయన ఆ బడిలో ఉన్నంతకాలం ఆగలేదు. సాయంత్రం మగవాళ్లు వలలు బాగు చేసుకుంటూ ఉంటారు, ఆడవాళ్లు ఎండిన చేపలు ఎత్తుతూ ఉంటారు. ఆయన ప్యాంటు మడిచి ఇసకలో చతికిలబడేవారు. కుర్చీ తెస్తే వద్దనేవారు. "బడి ఎలాగుంది?" అని అడగరు. "నిన్న మీ గుంటడు ఇంటికొచ్చి ఏటి సెప్పాడు?" అని అడుగుతారు. అంతే, మాట దానంతటదే వచ్చేది. బడిలో కుళాయి ఎత్తుగా ఉంది, చిన్న పిల్లలకి అందదని ఒకాయన అన్నాడు. నేను "తాగునీటి వసతి మెరుగుపరచవలెను" అని రాయబోతే నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. "ఆయనన్నది రాయి. నువ్వనుకున్నది కాదు" అని తనే రాసి, రాసింది చదివి వినిపించి, "ఇదేనా నువ్వన్నది?" అని అడిగారు. సోమవారానికి కుళాయి కింద రాతి పలక పడింది. కాని పనులైతే అవి కావని, ఎందుకు కావో కూడా, మరుసటి శనివారం అక్కడే చెప్పేవారు. "అడిగి ఊరుకోడం కంటే అడక్కపోడం మర్యాద" అనేవారు.

రెండో నెల్లోనో ఏమో, ఓ తల్లి చేపలు ఎత్తుతూ తల పైకెత్తకుండా అంది: "మా గుంట పది రోజులై బడికెల్లనంటంది. సేపల వాసనొత్తందని ఈ మేస్టారు దాన్ని ఎనక్కి కూకోబెట్టీసినారంట. అందరూ నవ్వినారంట. ఇంక మానిపించీమంటంది."

ఆ మేస్టారు నేనే. మూడో తరగతి పిల్ల. హాజరుపట్టీలో పది సున్నాలు చుట్టాను కానీ ఎందుకు రావడం లేదో ఒక్కసారీ అడగలేదు. "కిటికీ దగ్గర గాలి వస్తుందని కూర్చోబెట్టానండీ" అన్నాను. అది అబద్ధం. ఆ రోజు తరగతిలో, వాసనొస్తోంది వెనక్కి పొమ్మని ముక్కు మూసుకుని మరీ అన్నాను.

హెడ్మాస్టారు ఆవిడ మాట అక్షరం పొల్లు పోకుండా రాసి, చదివి, "ఇదేనా అమ్మా?" అన్నారు. ఆవిడ అవునంది. తిరిగి వస్తుంటే దారంతా చీవాట్ల కోసమే కాచుకున్నాను. బడి గేటు దగ్గర ఆగి, "వచ్చే శనివారం దీనికి నువ్వే జవాబు చెప్పాలి" అన్నారు.

"మీరు చెబితే వింటారు కదండీ."

"నేను చెప్తే సర్దుబాటవుతాది. నువ్వు చెప్తేనే జవాబు."

ఆ వారమంతా సెలవు పెడదామనీ, బదిలీ అడుగుదామనీ కూడా అనుకున్నాను. చివరికి వెళ్లాను. హెడ్మాస్టారు నాతో ఒడ్డు దాకా వచ్చి, అక్కణ్నించి వంద అడుగులు దూరం పోయి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. నేను ఆవిడ ముందు నిలబడి, "తప్పు నాదేనమ్మా. ఆ మాట అన్నాను, అనకూడదు. ఇంకెప్పుడూ అనను" అన్నాను.

ఆవిడ చేతిలో పని ఆపింది. "నాకు కాదు మేస్టారూ. దానికి సెప్పండి" అంది.

బోటు చాటున నిలబడి ఉంది పిల్ల. నేను మోకాళ్ల మీద కూర్చుని అదే మాట మళ్లీ చెప్పాను. పిల్ల వెనక్కి దాచుకున్న చేతులు రెండూ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఇప్పుడు సూడండి" అంది.

సోమవారం బడికి వచ్చింది. ముందు వరుసలో కూర్చుంది. పది దాకా చదువుకుంది. ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంటూ ఏదైనా ఉంటే ఆయన దగ్గర ఆ ఒడ్డున నేర్చుకున్నదే. ఈ రుణం ఆయన ఉండగా ఒక్కసారైనా నోరు విడిచి చెప్పలేదు, అదే బాధగా ఉంది.

నిమ్మాడ నుంచి వచ్చినప్పటి నుంచీ ఆ సాయంత్రమే కళ్ల ముందు ఆడుతోంది. దూరంగా ఆయన వీపు. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. నా ముందు రెండు చిన్న అరచేతులు, రుద్ది రుద్ది ఎర్రబడి ఉన్నాయి. ఒడ్డంతా చేపల వాసన. ఆ చేతుల్లో మాత్రం సబ్బు వాసన.