మార్లిస్ పడవా, ఒడ్డు కరెంటూ

మార్లిస్ హౌగెన్ పడవలో కాపురం పెడుతుందంటే మా రేవులో ఎవరూ నమ్మలేదు. చేపలు పట్టే ఇంట్లో పుట్టిందే గానీ ఆవిడకి నీళ్ళంటే గిట్టదు. చిన్నప్పుడు తండ్రి సాల్మన్ చేపల వేటకి పోయి వేళకి తిరిగి రాకపోతే, తల్లి కిటికీ దగ్గర నిలబడి తోమిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోముతూ ఉండేదట. అది చూస్తూ పెరిగిన పిల్ల పెద్దయ్యాక స్కూలు బస్సు డ్రైవరైంది. "రోడ్డు మునగదు కదా," అనేది.

అరవై ఏళ్ళు దగ్గరపడుతుండగా ఆవిడ అద్దెకున్న ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. ప్యూజెట్ సౌండ్ అనే ఈ సముద్రపాయ ఒడ్డున ఏ ఊళ్ళో చూసినా అద్దెలు బస్సు డ్రైవర్ల చేతికి అందేలా లేవు. అన్న ఆర్నెకి తుంటి ఎముక మార్చాక పడవ నిచ్చెన దిగడం కష్టమైంది. ఆయన పాత చెక్క పడవ మా రేవులో ఊరికే పడి ఉండేది. దాన్ని చెల్లెలికిచ్చాడు.

"నాకొద్దు అన్నయ్యా, రాత్రి నిద్రపట్టదు," అందిట మార్లిస్.

"పట్టకపోతే మేలుకుని ఉండు. నీ బస్సులో పడుకుంటావా మరి?" అన్నాడట ఆయన.

అలా వచ్చింది. నేను అదే వరుసలో రెండు పడవల అవతల ఉంటాను, తెరచాపలు కుట్టి బతుకుతాను. మొదటి వారమంతా ఆవిడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కళ్ళు మూసుకోవడం నేను చూశాను. తర్వాత మెల్లగా కిటికీలకి తెరలు కట్టింది. పొయ్యి మీద బంగాళాదుంపల రొట్టెలు కాల్చి నాకో రెండిచ్చింది.

పడవల్లో కాపురముండే మా అందరి ప్రాణం ఒక పసుపుపచ్చ కేబుల్‌లో ఉంటుంది. ఇళ్ళలో వచ్చే కరెంటే ఒడ్డు స్తంభం నుంచి ఆ కేబుల్ మీద మా పడవల్లోకి వస్తుంది. గది హీటరు, కాఫీ యంత్రం దాని మీదే నడుస్తాయి. కానీ పడవతో పాటు పుట్టిన సామాను అంతా పన్నెండు వోల్టులది: దీపాలు, కుళాయి పంపు, గ్యాస్ లీకైతే అరిచే అలారం. వాటికి బ్యాటరీ కావాలి. ఛార్జరు ఒడ్డు కరెంటు తీసుకుని బ్యాటరీని నింపుతూ ఉంటుంది.

ఆర్నె బిగించిన ఛార్జరుకి ఎక్కడ ఆగాలో తెలీదు. బ్యాటరీ నిండినా పోస్తూనే ఉండేది. లోపలి నీళ్ళు మరిగి ఇగిరిపోయాయి. ఉన్న రెండు బ్యాటరీల పక్కలూ ఉబ్బాయి. పడవంతా కుళ్ళిన గుడ్ల కంపు. మార్లిస్ ముక్కు మూసుకుని, పడవలు కట్టేసే చెక్కబాట, డాక్ మీదికి వచ్చేసింది.

మా ఎదుటి పడవ డెల్బర్ట్ ఓస్ట్రాండర్‌ది. టెలిఫోన్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. పిలిచినా పిలవకపోయినా వచ్చే మనిషి. వచ్చి చూశాడు, పెదవి విరిచాడు.

"ఇరవై నాలుగు గంటలూ ఒడ్డుకి కట్టేసిన పడవకి బ్యాటరీ దేనికి తల్లీ? నువ్వెక్కడికైనా పోతావా?"

"చచ్చినా పోను."

"మరింకేం! ఇవి తీసి పారెయ్. ఒడ్డు కరెంటుని నేరుగా పన్నెండు వోల్టులు చేసే పెట్టె ఉంది నా దగ్గర. దీపాలు పెళ్ళికూతురిలా వెలుగుతాయి."

"దీపాలు వెలిగితే చాలు. నాకీ కంపు వద్దు."

డెల్బర్ట్ ఓ మధ్యాహ్నం కూర్చుని పెట్టె బిగించాడు. ఉబ్బిన బ్యాటరీలు రెండూ బండిలో వేసుకుని తీసుకుపోయాడు. దీపాలు నిజంగానే బాగా వెలిగాయి. కుళాయి తిప్పినప్పుడు మాత్రం ఒక్క క్షణం మసకబారేవి.

"ఏమయ్యా, కళ్ళార్పుతున్నాయి నీ పెళ్ళికూతుళ్ళు," అంది మార్లిస్.

"నువ్వు ఆర్పవా ఏం? ఆర్పితే ఆర్పనీ," అన్నాడు.

బ్యాటరీలు పోయిన చోట ఆవిడ బ్లాక్‌బెర్రీ జామ్ సీసాలు పెట్టుకుంది. కంపు పోయింది. నిద్ర పట్టడం మొదలైంది. ఆ ఆనందంలో ఒక సంగతి ఎవరికీ తట్టలేదు. పడవ అడుగున చేరే నీళ్ళని బయటికి తోడే పంపు ఒకటుంది. అది కూడా ఆ పన్నెండు వోల్టుల మీదే నడుస్తుంది. చెక్క పడవ, అందులోనూ పాతది. ప్రొపెల్లర్ ఇరుసు బయటికి పోయే చోట బొట్టు బొట్టుగా నీరు లోపలికి వస్తూనే ఉంటుంది. వానలు పడితే డెక్ సందుల్లోంచి కూడా. ఆ పంపు రోజుకెన్నిసార్లు దానంతటది నడిచి ఆగుతోందో ఎవరం చూశాం!

నవంబరులో పెద్ద గాలివాన వచ్చింది. మార్లిస్ తెల్లారకముందే బస్సుకి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళిన కాసేపటికి కొండ మీద ఫర్ చెట్టొకటి విరిగి తీగల మీద పడింది. రేవంతా కరెంటు పోయింది. మాకెవరికీ పెద్ద ఇబ్బంది లేదు, బ్యాటరీలున్నాయి. నేను దుప్పటి కప్పుకుని కుట్టుపని చేసుకుంటున్నాను. మధ్యాహ్నం దాటాక తాళ్ళు ఎలా ఉన్నాయో చూద్దామని బయటికొచ్చాను. మార్లిస్ పడవకి వెనకవైపు ఎర్రరంగు చార ఒకటుండాలి. అది కనపడలేదు. నీళ్ళ కింద ఉంది.

డెల్బర్ట్ పడవ తలుపు బాదాను. అతను వచ్చి ఆ పడవ వంక ఒక్కసారి చూసి, "పంపు..." అని మాత్రం అన్నాడు.

మార్లిస్‌కి ఫోన్ చేశాను. అదృష్టం, దారికడ్డంగా చెట్టు పడి బస్సు ఆపి ఉంది, ఫోను తీసింది. వెనక పిల్లల గోల వినపడుతోంది.

"మార్లిస్, నీ పడవ కుంగుతోంది. వెంటనే రా."



"బస్సు నిండా పిల్లలున్నారు," అంది. "చుట్టుదారిన పోయి అందర్నీ ఇళ్ళకి చేర్చాలి. అప్పటిదాకా రాను."

"అది మునిగేలా ఉందమ్మా!"

"విన్నాను. తాళంచెవి పూలకుండీ కింద ఉంది. మీవల్ల అయింది చెయ్యండి. కాకపోతే ఊరుకోండి, మీరు మాత్రం లోపల ఉండకండి." పెట్టేసింది.

తలుపు తీసేసరికి నీళ్ళు నేల పలకల మీదికి వచ్చేశాయి. జామ్ సీసాలు మునిగి ఉన్నాయి. చెప్పులు, ఊలు ఉండలు, తెరిచి ఉన్న బిస్కట్ల పొట్లం తేలుతున్నాయి. డెల్బర్ట్ వెనక్కి పరిగెత్తాడు. గుండెకి ఆపరేషనైన మనిషి. తన పడవలోని బ్యాటరీ ఊడబీకి, ఆ గాలిలో, జారే డాక్ మీద, రెండు చేతులా పొట్టకి అదుముకుని తెచ్చాడు. దాన్ని భోజనాల బల్ల మీద పెట్టాం. పంపు తీగలు కోసి సరాసరి బ్యాటరీకే కలిపాడు. పంపు మూలిగింది, తిరిగింది, మళ్ళీ ఆగిపోయింది. నేను నీళ్ళలో భుజం దాకా చెయ్యి పెట్టి వెతికితే పంపు నోటికి ఊలు మేజోడు చుట్టుకుని ఉంది. లాగేశాను. అప్పుడు పడవ పక్కనుంచి నీళ్ళు ధారగా బయటికి పడ్డాయి. ఇద్దరం బకెట్లతో తోడుతూనే ఉన్నాం.

వెలుతురు తగ్గుతుండగా మార్లిస్ వచ్చింది. ఎర్రచార అప్పటికి పైకి తేలింది. ఆవిడ కళ్ళు మూసుకోకుండానే పడవెక్కింది. తడిసిన పరుపుని చూసింది. నేల మీదినుంచి ఒక సీసా తీసి తుడిచి బల్ల మీద పెట్టింది. కూర్చుండిపోయింది.

"నాదే తప్పు," అన్నాడు డెల్బర్ట్. "దీపాల గురించే ఆలోచించాను."

"నేనడిగింది దీపాల గురించే కదా."

"నువ్వడక్కపోయినా నేను చెప్పాలి."

"చెప్పాలి," అంది మార్లిస్. "ఊరందరికీ అన్నీ చెప్తావు, ఇదొక్కటీ తప్ప." కాసేపటికి ముక్కు చీదుకుని, "ఆ బ్యాటరీ మొయ్యడమేంటి? గుండె ఆగిపోతే నిన్నెవరు తోడాలి?" అని కసిరింది.

ఆ రాత్రి వాళ్ళిద్దరూ నా పడవలోనే సూపు తాగారు. డెల్బర్ట్ పడవలో దీపం లేదు, మార్లిస్ పడవలో పొడి చోటు లేదు. ఆర్నె ఫోన్ చేసి చెల్లెల్ని చెడామడా తిట్టాడు.

"నాన్న తన పడవలో బ్యాటరీని స్టీరింగు పక్కన ఎత్తులో ఎందుకు కట్టేవాడో తెలుసా? నీళ్ళొచ్చినా పంపు చావకూడదని."

"ఆ మాట పడవ ఇచ్చేటప్పుడు చెప్పలేదేం నువ్వు?"



కరెంటు వచ్చాక కొత్త బ్యాటరీ కొన్నారు. దాన్ని ఎత్తుగా బల్లచెక్క మీద పెట్టి పట్టీతో బిగించారు. నిండగానే తగ్గించుకునే ఛార్జరు పెట్టారు. మామూలు రోజుల్లో దీపాలన్నీ ఛార్జరు మీదే నడుస్తాయి, బ్యాటరీ నిండుగా వెనక కాచుకుని ఉంటుంది. పంపు తీగ మాత్రం మధ్యలో స్విచ్ లేకుండా, ఒక ఫ్యూజుతో, సరాసరి బ్యాటరీకే. డెల్బర్ట్ తీగలు కలుపుతుంటే మార్లిస్ పక్కనే కూర్చుని ప్రతిదానికీ, "ఇదెక్కడికి పోతుంది?" అని అడిగింది. అతను విసుక్కోకుండా చెప్పాడు.

అద్దె ఇల్లు పోయినప్పుడే మార్లిస్ వృద్ధుల ఇళ్ళ ఆఫీసులో పేరు రాయించుకుంది; వసంతంలో అక్కణ్ణుంచి కబురొచ్చింది, అపార్టుమెంటు ఖాళీ అయిందని. నన్ను తోడు తీసుకెళ్ళింది. శుభ్రమైన గది, నాలుగో అంతస్తు, కిటికీలోంచి కార్ల పార్కింగు. మార్లిస్ కుళాయి తిప్పి చూసింది, దీపం వేసి ఆర్పింది.

"బాగుంది. తర్వాత ఎవరున్నారో వాళ్ళకివ్వండి," అంది.

దారిలో ఎందుకని అడిగితే, "ఆ రోజు పిల్లల్ని దించుతున్నంతసేపూ ఇల్లు పోతోంది, ఇల్లు పోతోంది అనుకున్నాను. పడవ అనుకోలేదు," అని గేరు మార్చింది.

మర్నాడే పడవని ఒడ్డుకెక్కించారు. ఇరుసు దగ్గర నీరు కారకుండా కొత్త ప్యాకింగు పెట్టించాలని, అడుగుకి రంగు వేయించాలని. నేను వెళ్ళేసరికి డెల్బర్ట్ పడవ కింద వెల్లకిలా పడుకుని పాత రంగు గీకుతున్నాడు. మార్లిస్ పైనుంచి వంగి, అటువైపు వదిలేశావని చూపిస్తోంది.