ముప్పై రోజులా, ఏడాదా

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మా ఫ్లాట్‌కి సరిగ్గా కింద ఫ్లాట్‌లో ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ, ఆమె జర్మన్ భర్త ఉంటారు. ఆవిడ ఇక్కడి ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆయన ట్రామ్ డ్రైవర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మా పాప పుట్టిన కొత్తలో, దానికి స్నానం చేయించడానికి కూడా మాకు భయంగా ఉన్న రోజుల్లో, పిల్ల ఏడుపు వినలేక ఆవిడే పైకి వచ్చి తలుపు తట్టింది. మా ఆవిడ చేతుల్లోంచి పిల్లను తీసుకుని, బోర్లా పడుకోబెట్టుకుని వీపు నిమిరింది. పాప ఊరుకుంది. ఆ రోజు నుంచి మాకు ఆవిడ ఆంటీ, పాపకు ఓమా, అంటే జర్మన్‌లో అమ్మమ్మ. ఆయన దానికి ఓపా, తాతయ్య; మాకు పెద్దాయన. మా మాటలన్నీ జర్మన్‌లోనే, కుదరని చోట ఇంగ్లీషులో.

ఆంటీ ఎన్నో ఏళ్లుగా ఒక సంగతి చెబుతుండేది. ఇద్దరూ రిటైరయ్యాక తన ఊళ్లో ఒక ఏడాది పూర్తిగా ఉండాలని. ఎప్పుడు వెళ్లినా మూడు వారాల సెలవే. వెళ్లిన అలసట తీరేలోపు తిరుగు ప్రయాణం. ఆ ఏడాది వచ్చేసిందని, టికెట్లు కొన్నామని ఒక ఆదివారం మా ఇంట్లో పులిహోర తింటూ చెప్పింది.

"వీసా వచ్చిందా మరి?" అని అడిగాను. ఆవిడ జర్మన్ పాస్‌పోర్టు తీసుకుని చాలా కాలమైందని నాకు తెలుసు.

"నాకెందుకు వీసా? నేను బాలిక్‌బయాన్‌ని" అంది.

బాలిక్ అంటే తిరిగి రావడం, బయాన్ అంటే ఊరు, దేశం. పాస్‌పోర్టు మారినా సరే, ఒకప్పుడు ఫిలిప్పీన్స్ మనిషినని చూపించుకుంటే చాలు, వీసా లేకుండా ఏడాది ఉండనిస్తారట. భార్యనో భర్తనో పిల్లలనో వెంట తీసుకెళ్తే వాళ్లకూ అంతే. విదేశాల్లో ఉన్న ఫిలిప్పీన్స్ పౌరులు ఇంటికి పంపే పెద్ద అట్టపెట్టెలకు ఒక హద్దు వరకు కస్టమ్స్ సుంకం కూడా ఉండదు. పౌరసత్వం వదులుకున్నప్పుడు ఆ పెట్టెల సౌకర్యం తనకు పోయిందనీ, ఇప్పుడు దుబాయ్‌లో పనిచేసే చెల్లెలే ఇంటికి పెట్టెలు పంపుతుందనీ చెప్పింది.

"మంచిగుంది కదా" అంది మా ఆవిడ నాతో. "మనకు ఓసీఐ కార్డు కావాల్నంటే ఎన్ని కాగితాలు పెట్టాలె!"

వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు అది. ఆ మాట నాకు తగిలేలాగే అంది. నేను అప్పటికే జర్మన్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుని ఉన్నాను. తను పెట్టనంది. ఆ విషయం మీద మా మధ్య గొడవ లేదు గానీ, పూర్తిగా తేలనూ లేదు.

ప్రయాణానికి కొద్ది రోజుల ముందు పెద్దాయన బాల్కనీ మెట్టు మీద జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, ఆరువారాలైనా విమానం ఎక్కొద్దన్నారు డాక్టర్లు. అక్కడేమో ఆంటీ అన్నగారి మనవరాలి పెళ్లి. ఆ పెళ్లికి ఆవిడ పెద్ద ముత్తయిదువ లాంటిది. చర్చిలో జంట వెనక నిలబడి, ఇకపై వాళ్ల కష్టసుఖాలు చూస్తానని మాటివ్వాలి. వెళ్లకపోతే కుదరదు.

"మీరు ముందు వెళ్లండి. ఆయన కోలుకున్నాక వస్తాడు" అన్నాను.

ఆంటీ తల అడ్డంగా ఊపింది. "ఒక్కడే వస్తే ఆయన మామూలు టూరిస్టు. ముప్పై రోజులే వేస్తారు. నా వెంట వస్తేనే ఏడాది. ఒకే విమానంలో దిగి, ఇద్దరం కలిసి కౌంటర్ దగ్గర నిలబడాలి."

అక్కడికి వెళ్లాక గడువు పొడిగించుకోవచ్చు గానీ, తుంటి ఆపరేషనైన మనిషిని పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం తనవల్ల కాదంది. ఆవిడ దిగులుగా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

ఉపాయం మా ఆవిడకు తట్టింది. అంట్లు కడుగుతూ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"మా చెల్లె పెండ్లికి హైదరాబాద్‌కు మనం దుబాయ్ మీదికెళ్లే పోతున్నం గదా. పెద్దాయనను దుబాయ్ దాకా మనమే తోల్కపోదాం. ఆంటీ చెల్లె అక్కడనే ఉంటది. ఆంటీ పెండ్లయినంక దుబాయ్‌కొచ్చి చెల్లె తాన నాలుగు రోజులుండి, అక్కడికెళ్లి ఆయన ఎక్కే ఫ్లైటే ఎక్కితే అయిపాయె. ఇద్దరు కలిసే దిగినట్టు గదా?"

కిందకు వెళ్లి చెప్తే ఆంటీ మా ఆవిడను గట్టిగా కావలించుకుంది. పెద్దాయన ఊతకర్రలు పక్కన పెట్టుకుని సోఫాలో కూర్చుని, "మంచి ఆలోచన" అని మాత్రం అన్నాడు.

ఆంటీ వెళ్లిపోయింది. ఆరు వారాల పాటు ఆయనకు రొట్టె, పాలు నేనే తెచ్చేవాణ్ణి. మా ఆవిడ సాంబారు చేసిన రోజున కారం తగ్గించి ఒక గిన్నె పంపేది. మా పాప కిండర్‌గార్టెన్ నుంచి రాగానే కిందకు పరుగెత్తి, ఆయన ఊతకర్రలతో హాల్లో నడుస్తుంటే ట్రామ్ స్టాపుల పేర్లు ఒక్కొక్కటే అరిచి చెప్పేది. ఆయన ఒక్కో స్టాపులో ఆగి, మళ్లీ కదిలేవాడు.

ప్రయాణం రోజున ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీ ముందే చెప్పిపెట్టుకున్నాం. చెక్-ఇన్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా ముగ్గురికీ బోర్డింగ్ కార్డులు ఇచ్చింది గానీ, ఆయన టికెట్ చూసి ఆగిపోయింది.

"మీరు తిరిగొచ్చేది పది నెలల తర్వాత. మీకు వీసా లేదు. వీసా లేకుండా ముప్పై రోజులే. ఇలా నేను మిమ్మల్ని పంపలేను."

భార్య దుబాయ్‌లో కలుస్తుందని చెప్పాను. పెళ్లి సర్టిఫికెట్, ఆంటీ పాత పాస్‌పోర్టు కాపీ, మనీలా విమానంలో ఆవిడ బుకింగ్, అన్నీ తీసి కౌంటర్ మీద పెట్టాను. ఆ అమ్మాయి వాటిని చూసింది కానీ తేల్చుకోలేకపోయింది.

"భార్య మీతో పాటు ఇక్కడ లేదు కదా. ఒక పని చేయొచ్చు. తిరుగు ప్రయాణం ముప్పై రోజుల లోపలికి మార్చుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు."

"సరే, మార్చేయండి" అన్నాడు పెద్దాయన.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని పర్సు బయటికి తీస్తున్నాడు.

"ఆగండి, ఆగండి" అన్నాను. "ఆంటీకి ఏం చెప్తారు?"

"రూలు అలా ఉందని చెప్తాను."

ఏం చేయాలో నాకు తోచలేదు. టికెట్ ఆయనది, కాలూ ఆయనదే. కానీ ఆవిడ ఆయన కోసమని పుట్టింటి నుంచి దుబాయ్ దాకా వచ్చి కూర్చుంది. నేను సూపర్‌వైజర్‌ని పిలవమని అడిగాను. తెల్లజుట్టున్న ఒకాయన వచ్చి, కాగితాలు ఒక్కొక్కటీ చదివి, ఎవరికో ఫోన్ చేసి మాట్లాడి, "దుబాయ్ నుంచి ఇద్దరిదీ ఒకటే విమానం. సరిపోతుంది" అని ఆ అమ్మాయితో చెప్పి వెళ్లిపోయాడు. పెద్దాయన పర్సు జేబులో పెట్టుకున్నాడు.

సెక్యూరిటీ దాటాక ఈ సంగతి మా ఆవిడకు తెలుగులో చెప్పాను.

"మొగుడు పెండ్లాల ముచ్చట. మధ్యల మనమెందుకు?" అంది. "గని పాపం, ఆమెకు తెల్వాలె" అని కూడా తనే అంది.

విమానంలో ఆయన పక్క సీటు నాది. భోజనం ట్రేలు తీసుకెళ్లాక, నేను అడక్కుండానే ఆయన మొదలుపెట్టాడు.

"నీకు కోపం వచ్చింది."

"కోపం కాదు. అర్థం కాలేదు."

"ఆమె ఊరు మంచిదే. వాళ్ల వాళ్లంతా మంచివాళ్లు. నన్ను కుర్చీలోంచి లేవనివ్వరు, చేతికి ప్లేటిస్తారు, నవ్వుతారు. తర్వాత వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. మూడు వారాలైతే నేనూ నవ్వుతూ కూర్చోగలను. ఏడాది పాటు ఎలా కూర్చోను? ఇక్కడైతే బేకరీకి వెళ్తే నలుగురు పలకరిస్తారు. ఇప్పటికీ ట్రామ్ ఎక్కితే డ్రైవర్ చెయ్యెత్తుతాడు."

"ఈ మాట ఆంటీకి చెప్పారా?"

"ఇన్నేళ్లుగా ఆమె ఎదురుచూస్తోంది. ఎలా చెప్తాను? రూలు ఒప్పుకోలేదంటే ఆమె కోపం రూలు మీదకు పోతుంది."

నాకు ఆయన మీద జాలి, చిరాకు రెండూ కలిగాయి. "నేనైతే ఆంటీకి ఏమీ చెప్పను. కానీ ఆమె నన్ను అడిగితే అబద్ధం ఆడలేను. మీరే చెప్పండి" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది.

దుబాయ్‌లో మనీలా విమానం గేటు దగ్గర ఆంటీ మా కోసం నిలబడి ఉంది. పాప "ఓమా!" అని అరుస్తూ పరుగెత్తింది. ఆవిడ దాన్ని ఎత్తుకుని ముద్దుపెట్టి, భర్త దగ్గరకొచ్చి ముందు ఆయన కాలు వైపే చూసింది. వాపు ఉందేమోనని మడమ దగ్గర నొక్కి చూసింది. తర్వాతే ఆయన బుగ్గ మీద ముద్దుపెట్టింది.

"ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏమీ ఇబ్బంది కాలేదు కదా?" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపే పెద్దాయన అందుకున్నాడు.

"తిరుగు టికెట్ ముప్పై రోజులకు మార్చుకోమన్నారు. నేను సరేనన్నాను. ఇతనే ఆపాడు."

ఆంటీ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ, కళ్లు మారాయి. "ఎందుకు సరేనన్నావు?"

"అక్కడ నాకెవరు తెలుసు చెప్పు? నేనెవరితో మాట్లాడను?"

ఆవిడ కుర్చీ పక్కన ఉన్న సీటులో కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుని, మామూలు గొంతుతోనే అంది: "నేను జర్మనీకి వచ్చినప్పుడు నాకెవరు తెలుసు? నువ్వు కూడా తెలియదు."

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని లాగింది. మా హైదరాబాద్ విమానం గేటు చాలా దూరం. వాళ్లకు చెప్పి బయల్దేరాం. మూల తిరిగేముందు వెనక్కి చూస్తే ఆయన ఏదో చెబుతున్నాడు, ఆవిడ వింటోంది.

శంషాబాద్‌లో కస్టమ్స్ ఆఫీసర్ మా ఆవిడ చేతి గాజులు చూసి ఎక్కడ కొన్నారని అడిగాడు. "మా పెండ్లికి హన్మకొండల చేయించినయ్ సార్" అని తను పెళ్లి ఫోటో ఫోన్లో చూపించింది. ఆయన నవ్వి వెళ్లమన్నాడు. అక్కణ్నుంచి పెళ్లి పనుల్లో పడిపోయాం. మూడో రోజుకు గానీ ఆంటీ ఫోన్ చేయలేదు.

మనీలాలో ఇమిగ్రేషన్ అమ్మాయి ముందు పెద్దాయన పాస్‌పోర్టు తీసుకుని ముప్పై రోజుల స్టాంపు వేయబోయిందట. ఆంటీ తన భాషలో, "అమ్మా, ఆయన నా భర్త, నేను బాలిక్‌బయాన్‌ని" అని పాత పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ ముందుకు జరిపింది. అడగకపోతే వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, నోరు తెరిచి అడగాలి అని ఆంటీ నాకు నొక్కి చెప్పింది. ఆ అమ్మాయి అవి చూసి, ఇంగ్లీషులో పెద్దాయన్నే అడిగింది: "ఎంతకాలం ఉంటారు సార్?"

"ఇంకా తేల్చుకోలేదు" అన్నాడాయన.

"ఏడాది ఇస్తున్నాను. నిదానంగా తేల్చుకోండి" అని స్టాంపు వేసింది.

ఆంటీ ఇది చెబుతూ పడీపడీ నవ్వింది. దుబాయ్ గేటు దగ్గర మేం వచ్చేశాక వాళ్లు ఒక ఒప్పందానికి వచ్చారట. ఆయనకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు టికెట్ మార్చుకోవచ్చు. ఆవిడ ఏడవదు, ఆయన అబద్ధం ఆడడు. అంతే.

ఆయన ఈస్టర్ ముందు వచ్చేశాడు. నల్లబడి, కొంచెం చిక్కాడు. కోడిపుంజుల గోలకు నిద్ర పట్టలేదని, అన్నం తిని తిని విసుగొచ్చిందని మెట్ల మీదే నాకు ఏకరువు పెట్టాడు. ఆంటీ ఇక్కడి వేసవి దాకా అక్కడే ఉండిపోయింది. ఆ మధ్య నెలల్లో ఆయన రోజూ సాయంత్రం ఆవిడతో వీడియో కాల్‌లో గట్టిగా మాట్లాడటం మా వంటింట్లోకి వినిపించేది. మధ్య మధ్య ఆవిడ అన్నదమ్ములతో ఏవో రెండు మూడు ముక్కలు వాళ్ల భాషలో అనేవాడు. అవతల అందరూ ఘొల్లుమనేవాళ్లు.

జర్మనీలో రెండు పౌరసత్వాలు ఉంచుకోవచ్చని చట్టం వచ్చాక, ఆంటీ కాన్సులేట్‌కి వెళ్లి తన పాత పౌరసత్వం మళ్లీ తీసుకుంది. చెయ్యెత్తి ప్రమాణం చేసి వచ్చింది. ఇంటికొచ్చిన వారానికే హాల్లో మనిషెత్తు అట్టపెట్టె వెలిసింది. సబ్బులు, కాఫీ, చాక్లెట్లు, తువ్వాళ్లు సర్ది, ఖాళీ మిగిలిన చోటల్లా మేజోళ్లు కుక్కుతుంటే మా ఆవిడ టేపు పట్టుకుని సాయం చేసింది.

మన దేశం ఆ వెసులుబాటు ఇవ్వదు. నాకు, నాతోపాటే పాపకూ జర్మన్ పాస్‌పోర్టు వచ్చింది, భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ కార్డు తీసుకున్నాను. కాన్సులేట్‌లో నా పాత పాస్‌పోర్టు మీద రద్దయినట్టు ముద్రవేసి తిరిగిచ్చినప్పుడు, ట్రైన్లో కూర్చుని దాని పేజీలన్నీ తిరగేశాను. ఏడుపేమీ రాలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. మా ఆవిడ తనది ఉంచుకుంది. పోయినసారి శంషాబాద్‌లో తను ఒక లైన్లోకి, నేనూ పాపా ఇంకో లైన్లోకి వెళ్లాం. "వారుమ్ ఇస్ట్ మామా డోర్ట్?" అని పాప గట్టిగా అడిగింది. అమ్మ అక్కడెందుకుందో దానికి తెలుగులో ఒకసారి, జర్మన్‌లో ఒకసారి చెప్పాను. అర్థమైనట్టు లేదు. మా ఆవిడ లైను ముందు అయిపోయింది. బయట బ్యాగుల బెల్టు దగ్గర మా కోసం నిలబడి ఉంది.

కింద ఫ్లాట్ వాళ్లు ఇప్పుడు ప్రతి చలికాలం వెళ్తున్నారు. ఇద్దరూ కలిసే దిగుతారు. తిరుగు ప్రయాణం తారీఖు మాత్రం ఎవరిది వాళ్లే వేసుకుంటారు. తాళాలు మా దగ్గరే ఉంటాయి. మొక్కలకు నీళ్లు పోయడం, పోస్టు తీయడం మా పని.