నాటిన రోజు నీడ

తోటక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తోటల నమూనాలు గీస్తుంది కాబట్టి తోటక్క, అంతే. ఒక పెద్ద ఆఫీసులో ఏళ్ళ తరబడి ఇంకొకరి గీతలకు మెరుగులు దిద్ది, ఒకనాడు ఉండబట్టలేక బయటికొచ్చేసింది. కుట్టుపని దుకాణం పైన ఒక గది, రెండు కుర్చీలు, ఒక పాత కంప్యూటరు, దాన్ని నడపడానికి మరిది. ఇదీ ఆమె ఆఫీసు.

సొంతంగా దొరికిన మొదటి పెద్ద పని ఆసుపత్రి వెనకున్న ఖాళీ స్థలం. కోలుకుంటున్న రోగులు పొద్దుటిపూట కాసేపు కూర్చునేలా అక్కడ తోట వేయాలి. ఆమె కొలతలు తీసుకుని కంప్యూటరులో నమూనా కట్టింది. పెద్ద డాక్టరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తెర మీద బూడిదరంగు పెట్టెలు, వాటి పక్కన చెట్లకు బదులు బూడిదరంగు బంతులు.

"అమ్మా, నాకు ఎక్స్‌రే చదవడం వచ్చుగానీ ఇది రాదు. ఫొటోలా చేసి చూపించండి. నచ్చితే పని మీకే. ఇంకొకళ్ళు కూడా అడుగుతున్నారు మరి" అన్నాడు.

నమూనాను ఫొటోలా మార్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర లేదు. మరిది మూడింటిని పట్టుకొచ్చాడు. మూడూ కొన్నాళ్ళు ఊరికే వాడి చూసుకోవచ్చు.

మొదటిదాని ఏడాది చందా ఆ గది అద్దెను మించిపోయింది. కానీ అందులో ఎండ పడితే ప్రతి ఆకూ వేరుగా మెరిసింది. రెండోది పూర్తిగా ఉచితం. దాన్ని తెరవగానే కంప్యూటరు పిండిమరలా మోత పెట్టి, కాసేపటికి తెర నల్లబడి ఊరుకుంది. మూడోది చవక, ఒకసారి కొంటే చాలు. అందులో చెట్లు కొన్నే. దగ్గరికెళ్ళి చూస్తే ఆకులు కాగితం కత్తిరించి అతికించినట్టున్నాయి.

"వదినా, ఇంకేం ఆలోచిస్తావ్? అప్పో సప్పో చేసి మొదటిదే కొనేద్దాం. ఆ మూడోదానితో చేస్తే ప్లాస్టిక్ తోటనుకుంటారు" అన్నాడు మరిది.

"ముందు ఆయనకి నచ్చనీ" అంది తోటక్క.

మొదటిదానితో చేసిన బొమ్మ చూసి డాక్టరు కుర్చీలోంచి లేచాడు. గొడుగుల్లా విరబూసిన చెట్లు, వాటి కింద చల్లటి నీడ, నీడలో బల్లలు.

"అబ్బ! అయితే తోట వేయగానే మావాళ్ళు ఈ చెట్ల కింద కూర్చోవచ్చన్నమాట."

"హాయిగా కూర్చోవచ్చండీ!" అనేశాడు మరిది.

తోటక్కకు అప్పుడు తట్టింది. ఆ చెట్లు అంత కావాలంటే ఏళ్ళు పడతాయి. పాత ఆఫీసులో అందరూ చేసేది ఇదే. నమూనాలో చెట్టు పెట్టమంటే చెయ్యి దానంతటదే నిండుగా ఎదిగినదాన్ని పెట్టేస్తుంది. తానూ అలాగే పెట్టింది. ఆ నీడను నమ్ముకునే బల్లలు వేసింది. నాటిన రోజున ఆ బల్లల మీద కూర్చునేది ఎండ ఒక్కటే.

ఆసుపత్రి మెట్లు దిగుతుంటే మరిది సంబరపడిపోతున్నాడు. "పని మనదే వదినా!"

"రోగుల్ని ఎండబెడతావా ఏం?"

"బొమ్మంటే బొమ్మే కదా. పెళ్ళిచూపుల ఫొటోలో అందరూ తెల్లగా ఉండరూ?"

"ఉంటారు. ఆ తర్వాత జరిగే గొడవలూ ఉంటాయి."

ఆమె మళ్ళీ మూడోదాన్ని తెరిచింది. అందులో చెట్టు ఎత్తు తగ్గించుకోవచ్చు. నెల, గంట చెబితే ఎండ ఆ ప్రకారం జరుగుతుంది. మొదటిదాంట్లో ఎక్కడ నొక్కినా పెద్ద చెట్లే దొరికాయి. మూడోదాంట్లో చెట్లను మనిషెత్తుకు దించి, ఎండను పొద్దుటికి తిప్పింది. నీడంతా ఆసుపత్రి గోడ పక్కనే పడింది. బల్లల్ని అక్కడికి జరిపింది. పైన తొందరగా అల్లుకునే తీగకు పందిరి వేసింది. అదే తోట చెట్లు ఎదిగాక ఎలా ఉంటుందో రెండో బొమ్మ చేసింది.

మర్నాడు డాక్టరు మొహం చిన్నబోయింది. "ఇదేంటమ్మా, కర్రలు పాతినట్టుంది?"

"నాటిన రోజు ఇలాగే ఉంటుందండీ." ఆమె రెండో బొమ్మను దాని పక్కన పెట్టింది. "నిన్నటిది చెట్లు పెద్దయ్యాక ఉండేది. నేనే నిన్న చెప్పాల్సింది. చెప్పలేదు."

డాక్టరు రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఈ పని అడుగుతున్న రెండో ఆయన బొమ్మలోనూ ఇలాంటి చెట్లే ఉన్నాయి. ఆయన ఈ సంగతి చెప్పలేదు" అన్నాడు డాక్టరు చివరికి. "సరే, కానివ్వండి. పెద్ద చెట్ల బొమ్మ వరండాలో తగిలిస్తాను. ఈ కర్రల బొమ్మ ఒప్పందానికి జతచేయండి. ఒక్క మాట, ఇందులో గోడ పక్కన రోగిని కూడా కూర్చోబెట్టండి. మా ఆసుపత్రి కమిటీవాళ్ళకి అర్థమవ్వాలి."

ఆ మధ్యాహ్నమే చవకది కొన్నారు. కొన్నాక తెలిసింది, అందులో కూర్చున్న మనుషులే లేరు. ఉన్నవాళ్ళంతా చెమటలు కక్కుతూ పరిగెత్తేవాళ్ళే. వాళ్ళలో కాస్త పెద్దవయసు వాణ్ణి ఎంచుకుని, నడుమూ కాళ్ళూ వంచి బల్ల మీద కూర్చోబెట్టడానికి వదినా మరిదీ తంటాలు పడ్డారు.

"వదినా, వీడి మోకాలు వెనక్కి తిరిగిపోయింది!"

"తిరిగితే తిరగనీవయ్యా. ఆసుపత్రిలోనే కదా ఉన్నాడు" అంది తోటక్క, ఇంకో కాలు వంచుతూ.